పన్నెండో తారీఖు రెండుసార్లు

ఈ తప్పు మీది. రంగు పెన్సిళ్ళతో డ్యూటీ చార్టు గీసిన సారూ, దాని కింద చదవకుండా సంతకం గీకిన పెద్దలూ, మిమ్మల్నే అనేది. పద్దెనిమిది వేల బిస్కెట్ ప్యాకెట్ల వీపు మీద రేపటి తారీఖు పడిందంటే అది ఒక ఆడమనిషి బొటనవేలు చేసిన పని కాదు, మీ పెన్సిల్ ముల్లు చేసిన పని. మెమో అందుకోవాల్సింది మీరు. అందుకున్నది ఆమె. కాబట్టి కూర్చుని వినండి. రాత్రి హాయిగా పడుకుని వచ్చారు, వినడానికి మీకేం కష్టం.

ఆమెను ఫ్యాక్టరీలో అందరూ తారీఖక్క అంటారు. ప్యాకెట్ బెల్టు మీద జారుకుంటూ వచ్చి, ఒక చిన్న మిషను కింద టక్కున ఆగి, తయారైన తారీఖు వీపు మీద గుద్దించుకుని ముందుకు పోతుంది. ఆ మిషను ఆమెది. అంకెల చక్రాలు బొటనవేలితో తిప్పి తారీఖు పెట్టడం, షిఫ్టు మొదట్లో వచ్చిన తొలి ప్యాకెట్‌ను చింపి తనిఖీ కాగితానికి అంటించడం, దాని కింద తను సంతకం పెట్టి, మేస్త్రీ చేతా, నాణ్యత చూసే అమ్మాయి చేతా పెట్టించడం ఆమె పని. పద్నాలుగేళ్ళుగా చేస్తోంది. ఒక్క అంకె అటూ ఇటూ కాలేదు.

"మా అక్క బొటనవేలికి మేకు కొట్టి క్యాలెండరు తగిలించొచ్చు" అనేది ఇంకో జట్టులో అదే మిషను చూసే పిల్ల. ఆ పిల్లకు నోరు మూతపడదు, నవ్వు ఆగదు. అందుకని పేరు గలగల.

ఆర్నెల్ల కిందటి దాకా నాలుగు జట్లుండేవి. మూడు పనిలో ఉంటే ఒకటి ఇంట్లో ఉండేది. ఆ ఇంట్లో ఉన్న జట్టును చూసి కొత్తగా వచ్చిన ప్లానింగ్ మేనేజరుకు కడుపు మండింది. ఊరికే కూర్చున్న మనుషులు అన్నాడు. నాలుగో జట్టును పంపేశాడు. ఒక పెద్ద కాగితం పరిచి పొద్దుటి షిఫ్టుకు పసుపు, మధ్యాహ్నం షిఫ్టుకు ఆకుపచ్చ, రాత్రి షిఫ్టుకు నీలం పెన్సిల్ తీసుకుని గళ్ళు నింపాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు రంగుపెన్సిళ్ళ సారు. చార్టు మాత్రం ముచ్చటగా ఉంది. "చిన్నపిల్ల గౌను గుడ్డలా ఉందక్కా" అంది గలగల, నోటీసు బోర్డు ముందు నిలబడి. "కుట్టించుకో" అంది తారీఖక్క.

కుట్టించుకోలేదు గానీ తొడుక్కోక తప్పలేదు. రెండు రాత్రులు, వెంటనే రెండు మధ్యాహ్నాలు, వెంటనే రెండు పొద్దులు, మళ్ళీ మొదటికి. గడియారం ముందుకు నడుస్తుంటే మనుషులు వెనక్కి నడవాలన్నమాట. రాత్రి డ్యూటీ దిగేది పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం డ్యూటీ ఎక్కేది అదే రోజు రెండింటికి. మధ్యలో ఎనిమిది గంటలు. ఆ ఎనిమిదిలోనే రెండు బస్సులు, ఒక స్నానం, ఒక వంట, పిల్లను బడికి పంపడం. తుడిచిపెట్టగా మిగిలింది నిద్ర. పైగా క్యాలెండరుకు వారం ఏడు రోజులైతే ఫ్యాక్టరీకి ఆరు, సెలవంటే ఆఖరి పొద్దు డ్యూటీ దిగి మళ్ళీ రాత్రికి ఎక్కే దాకా దొరికే ఒక్క పగలు. ఈసారి ఆదివారం వచ్చిన సెలవు వచ్చేసారి శనివారం వస్తుంది, ఆ పైసారి శుక్రవారం. ఆరు నెలలు తిరిగేసరికి ఎవరికీ వారాల పేర్లు గుర్తులేవు. "ఇవాళ ఏ రంగు?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. "నీలం ఒకటి", "ఆకుపచ్చ రెండు" అని చెప్పుకునేవాళ్ళు.

ఇంట్లో సంగతి ఇంకా సొగసుగా ఉండేది. ఆమె మొగుడు అదే ఫ్యాక్టరీలో ఓవెన్ చూస్తాడు, గలగల జట్టులో. చార్టు ఎలా కుదిరిందో గానీ ఆయన డ్యూటీ దిగి బయటికొచ్చే వేళకే ఆమె ఎక్కడానికి వస్తుంది. సైకిల్ స్టాండులో ఏడు నిమిషాలు దొరుకుతాయి. ఇంటి తాళం, పిల్ల బడి కబురు, ఏం తెచ్చారు, ఏం తేవాలి, అలకా, బుజ్జగింపూ, అన్నీ ఆ ఏడు నిమిషాల్లోనే. ఒకసారి ఇద్దరూ అక్కడ గట్టిగా పోట్లాడుకుని, సైరన్ మోగేసరికి మధ్యలో ఆపేసి, మర్నాడు అదే స్తంభం దగ్గర నిలబడి ఆపిన మాట దగ్గర్నుంచి మొదలుపెట్టారు. "కాపురం అద్దెకు తీసుకున్నట్టుంది ఈ స్టాండులో" అని సైకిళ్ళు చూసే ముసలాయన నవ్వేవాడు.

ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ నిద్రలోనే ఉంటారు కాబట్టి అత్తగారు ఒక పద్ధతి పెట్టింది. పడకగది తలుపు గడియకు ఎర్ర తువ్వాలు వేలాడుతుంటే లోపల మనిషి ఉన్నట్టు. తువ్వాలు ఉన్నంతసేపు గిన్నె గిన్నెకు తగలకూడదు, కుక్కర్ ఈల వెయ్యకూడదు, మాట గుసగుసలోనే ఉండాలి. తువ్వాలు దిగే రోజే లేకపోయింది. ఆరు నెలలు గుసగుసలాడి ఆడి ఆవిడకు అదే గొంతైపోయింది. కూరగాయల బండి దగ్గర కూడా బండివాడి చెవిలో నోరుపెట్టి, "వంకాయలు పుచ్చులు లేకుండా ఇవ్వు నాయనా" అనేది. వాడు భయపడి, "ఎవరికీ చెప్పను లెండి పెద్దమ్మా" అనేవాడు.

ఇంకో ముచ్చట. ఒకరోజు ఓవెనాయన రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకుని లేచేసరికి గడియారంలో ఆరు. కిటికీలో మసక వెలుతురు. అత్తగారు పాలకు వెళ్ళింది, తారీఖక్క డ్యూటీ దిగొచ్చి మొద్దునిద్రలో ఉంది. ఏడేళ్ళ కూతురు బడి నుంచి వచ్చి ఆడి ఆడి సోలిపోయి పడుకుంది. ఆయన గబగబా పిల్లను లేపాడు, స్నానం చేయించాడు, రెండు జడలేశాడు, యూనిఫాం తొడిగాడు, సైకిలెక్కించుకుని బడికి తీసుకెళ్ళాడు. గేటుకు తాళం. లోపలున్న కాపలాదారు బల్బు వెలిగిస్తూ, "ఏం బాబూ, రేపటికి ఇప్పుడే వరసలో నిలబెడుతున్నావా?" అన్నాడు. దారి పొడుగునా చీకటి పడుతుండడం చూసి పిల్లకు అనుమానం వచ్చిందట, కానీ నాన్న ఇంత ఉత్సాహంగా ఉండడం చూసి చాలా రోజులైందని ఊరుకుందట. ఆ మాట విని తారీఖక్క పకపకా నవ్వింది. నవ్వి నవ్వి స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, కొళాయి తిప్పి, కాసేపు బయటికి రాలేదు.

ఇక అసలు సంగతి.

పదకొండో తారీఖు, గురువారం. ఆ రాత్రి ఆమెది నీలం రెండు. పన్నెండు కొట్టగానే ఎప్పటిలాగే మిషను ఆపి, చక్రం తిప్పి పన్నెండో తారీఖు పెట్టింది. శుక్రవారం పొద్దున ఆరింటికి దిగింది. ఇంటికొచ్చి పిల్లకు జడలేసి బడికి పంపి, ఎర్ర తువ్వాలు తగిలించి పడుకుంది. మూడు గంటల పైచిలుకు. మంచి నిద్ర. చిక్కంతా ఆ మంచి నిద్రతోనే వచ్చింది. లేచి మొహం కడుక్కుంది, తల దువ్వుకుంది, క్యారియర్ పట్టుకుని బస్సెక్కింది. పడుకుని లేచిన మనిషికి ముందున్నది మరుసటి రోజు. పుట్టిన దగ్గర్నుంచీ ఒంటికి తెలిసిన లెక్క అదొక్కటే.

రెండింటికి మిషను ముందు నిలబడి చూస్తే పన్నెండు ఉంది. నిన్న నేను పెట్టిన పన్నెండు ఇంకా అలాగే ఉందేమిటి అనుకుంది. రాత్రివాళ్ళు మార్చడం మరిచారు, ఈ గలగల కబుర్లలో పడి చూసుకోలేదు, పొద్దుటినుంచీ నిన్నటి తారీఖే గుద్దుతోంది, దొరికితే పిల్ల ఉద్యోగం గల్లంతు. ఎవరి కంటా పడకముందే చటుక్కున చక్రం తిప్పి పదమూడు పెట్టింది. తప్పు దిద్దాననుకుంటూ ఒప్పును చెరిపేసింది. తొలి ప్యాకెట్ చింపి కాగితానికి అంటించింది, సంతకం పెట్టింది. మేస్త్రీ చూసి పెట్టాడు. నాణ్యత చూసే అమ్మాయి కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసి పెట్టింది. ముగ్గురూ ఒకే జట్టు. ముగ్గురూ ఆ పొద్దున ఆరింటికి దిగి ఇంటికెళ్ళి కునుకు తీసి వచ్చినవాళ్ళే. ముగ్గురికీ ఆ రోజు పదమూడే.

ఆ ఫ్యాక్టరీలో రాత్రిళ్ళు పడుకుని పగళ్ళు పనిచేసే మనుషులు ఇద్దరే ఇద్దరు, రంగుపెన్సిళ్ళ సారూ, గోడౌన్ గుమాస్తా. నాలుగున్నరకు గుమాస్తా ఒక ప్యాకెట్ తీసి చూసి, కళ్ళు నులుముకుని, ఒక రోజంతా గోడౌన్‌లోనే పడి నిద్రపోయానేమోనని జేబులో బస్సు టికెట్ తీసి తారీఖు చూసుకున్నాడు. ఆ తర్వాత పరిగెత్తాడు. అప్పటికి పద్దెనిమిది వేల ప్యాకెట్లు తయారయ్యాయి, ఒక లారీ గేటు దాటింది. సాయంత్రం ఒక కొట్టాయన ఫోన్ చేసి, "ఏం సార్, మీ బిస్కెట్లు రేపు కాల్చి ఇవాళ పంపుతున్నారా?" అని అడిగి, నవ్వాపుకోలేక పెట్టేశాడు. ఆ నవ్వు తగలాల్సిన చోట తగిలింది.

మర్నాడు మెమో వచ్చింది, తారీఖక్క ఒక్కదానికి. మేస్త్రీ సంతకమూ ఎవరికీ కనపడలేదు, ఆ అమ్మాయి సంతకమూ ఎవరికీ కనపడలేదు. మెమోతో పాటు కబురు కూడా వచ్చింది. పద్దెనిమిదో తారీఖు గురువారం పదకొండింటికి విచారణ. 'నా వ్యక్తిగత నిర్లక్ష్యం వల్ల జరిగింది' అని రాసిచ్చిన కాగితం మీద సంతకం పెడితే పదిహేను రోజులు సస్పెన్షన్, రికార్డులో మచ్చ, ఇంకో అంకె తప్పితే శాశ్వతంగా ఇంటికి. పెట్టకపోతే ఇప్పుడే ఇంటికి.

"పెట్టెయ్యవే" అన్నాడు ఓవెనాయన సైకిల్ స్టాండులో. "పదిహేను రోజులు కళ్ళు మూసుకుంటే పోతుంది."

"కళ్ళు మూసుకోవడం నాకు చేతనవుతుందయ్యా. ఆ తర్వాత తెరవాలిగా. వచ్చాక మళ్ళీ అదే చార్టు, అదే మూడు గంటల నిద్ర. ఇంకో అంకె తప్పదని నువ్వు పూచీ పడతావా?"

పిల్లను చీకట్లో బడికి తీసుకెళ్ళిన మనిషి ఏం పూచీ పడతాడు.

"పోనీ పెట్టకపోతే?"

"పద్నాలుగేళ్ళు పోతాయి" అంది. అని తన బొటనవేలి వైపు చూసుకుంది. సైరన్ మోగింది.

ఇంట్లో అత్తగారు తలుపు చాటున నిలబడి గుసగుసగా తేల్చేసింది. "అమ్మాయ్, నీ తప్పని నీకనిపిస్తే పెట్టు. వాళ్ళకనిపిస్తే పెట్టకు."

"నాకేమనిపిస్తోందో కూడా తెలీడం లేదత్తయ్యా. నిద్రొస్తోంది."

"అయితే పడుకో. పడుకున్నదాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు." ఆవిడ ఊరికే అన్న మాట. కానీ తారీఖక్క దాన్ని దాచుకుంది.

పద్దెనిమిదో తారీఖు మళ్ళీ అదే మెలిక రోజు. ఆ పొద్దున ఆరింటికి ఆమె రాత్రి డ్యూటీ దిగింది, రెండింటికి మళ్ళీ ఎక్కాలి, మధ్యలో పదకొండింటికి విచారణ. ఇంటికెళ్ళి పడుకుని వచ్చే వ్యవధి లేదు. సైకిల్ స్టాండు బల్ల మీద కూర్చుంది. వరసగా ఉన్న సైకిళ్ళ చక్రాల ఊచలు లెక్కపెట్టింది, కళ్ళు వాలితే లేచి తిరిగింది, టీ తాగింది, మళ్ళీ ఊచలు లెక్కపెట్టింది. పదకొండయ్యేసరికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది గానీ బుర్ర మాత్రం ఎందుకో తేటగా ఉంది.

మేనేజరు గదిలో చల్లగా ఉంది. గోడ నిండా చార్టు. బల్ల మీద చెక్కిన పెన్సిళ్ళు మూడు. సాక్షిగా మేస్త్రీని పిలిపించారు. ఆయన ఇల్లు గేటు ఎదురుగానే కాబట్టి ఆరింటికి వెళ్ళి నాలుగు గంటలు పడుకుని, తలకు నూనె రాసుకుని, నీటుగా వచ్చి కూర్చున్నాడు.

"ఇది చదివి సంతకం పెట్టమ్మా" అన్నాడు రంగుపెన్సిళ్ళ సారు.

"అక్షరాలు ఈదుతున్నాయి సార్. మీరే చదవండి."

ఆయన చదివాడు. వ్యక్తిగత నిర్లక్ష్యం అనే మాట దగ్గర గొంతు కొంచెం పెంచాడు.

"నిర్లక్ష్యం అంటే ఏంటి సార్?"

"పట్టించుకోకపోవడం."

"పట్టించుకోకపోతే పన్నెండే ఉండేది సార్. ఒప్పు తారీఖే పడేది. పట్టించుకుని మార్చాను కాబట్టే ఇంత గొడవ."

మేస్త్రీ నవ్వొచ్చి దగ్గాడు. సారు ఆయన వైపు చూసి ఈమె వైపు తిరిగాడు. "మాటలు నేర్చావు. అదే చార్టు మీద నూట ఇరవై మంది పనిచేస్తున్నారు. వాళ్ళెవరికీ రాని తికమక నీకే ఎందుకొచ్చింది?"

"ఎవరికీ రాలేదా సార్? మేస్త్రీగారిని అడగండి, ఇవాళ ఏ వారమో."

"ఇదేం ప్రశ్న. చెప్పండి మేస్త్రీ."

మేస్త్రీ ఛాతీ విరిచాడు. "శుక్రవారం సార్."

సారు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. మేస్త్రీ కూడా చూశాడు. పాపం ఆయన నూనె రాసుకున్న తల గోక్కున్నాడు.

"నేను ఆరింటి నుంచి పడుకోలేదు సార్, అందుకని నాకు గురువారం" అంది తారీఖక్క. "ఆయన పడుకుని లేచాడు, అందుకని ఆయనకు శుక్రవారం. రోజూ ఇలాగే ఉంటుంది. కునుకు తీసినవాడు ఒక తారీఖులో ఉంటాడు, తియ్యనివాడు ఇంకో తారీఖులో. ఏదీ, పన్నెండో తారీఖున నేనెక్కడున్నానో మీ చార్టులో ఒకసారి చూపించండి. పెన్సిల్‌తో."

ఆయన విసుగ్గా లేచి పెన్సిల్ పెట్టాడు. "ఇదిగో. పన్నెండు, ఆకుపచ్చ. రెండింటి నుంచి పదింటి దాకా. నీలం గడి పదకొండు కింద ఉంది. అది వేరే రోజు."

"పదకొండు కింద గీశారు సార్. కానీ ఆ గడిలో నేను ఎప్పటి దాకా ఉన్నాను?"

"ఆరు..." అన్నాడు. పెన్సిల్ కదల్లేదు.

"ఏ తారీఖు ఆరు?"

ఆమే చెప్పింది. "పన్నెండో తారీఖు పొద్దున ఆరు సార్. అర్ధరాత్రి పన్నెండో తారీఖు మొదలైనప్పుడు ఇక్కడే ఉన్నాను, నా చేత్తోనే మొదలుపెట్టాను. ఇంటికి పంపి, అదే పన్నెండో తారీఖున మళ్ళీ పిలిచారు. కాగితం మీద రెండు గళ్ళు, రెండు రంగులు. ఒంటి మీద ఒకటే రోజు. ఒక తారీఖున నన్ను రెండుసార్లు పిలిచారు సార్. రెండోసారి వచ్చినప్పుడు రెండో తారీఖు వేశాను."

ఆర్నెల్లుగా ఆ చార్టు కింద కూర్చున్న మనిషి ఆ రెండు గళ్ళ మధ్య సందు లేదని అప్పుడే చూశాడు. చూశాడని ఆయన మెడ చెప్పింది, ఎర్రగా. నోరు మాత్రం చెప్పలేదు. పై వాళ్ళ సంతకం ఉన్న చార్టు తప్పని ఏ నోటితో చెబుతాడు.

"చార్టు గురించి కాదు విచారణ" అన్నాడు కూర్చుంటూ. "రెండింటి దాకా టైం ఇస్తున్నాను. సంతకం పెట్టు. లేదంటే గేటు లోపలికి రాకు."

కాగితం తీసుకుని బయటికొచ్చింది. ఒంటిగంట. సైకిల్ స్టాండులో అత్తగారు క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కోడలు పొద్దున ఇంటికి రాలేదని బస్సెక్కి వచ్చేసింది. తారీఖక్క తింటూ జరిగిందంతా చెప్పింది. మెతుకు నోట్లో ఉండగానే రెండుసార్లు కళ్ళు మూతపడ్డాయి. రెండుసార్లూ అత్తగారు మోచేత్తో పొడిచింది. తినడం అయ్యాక సైకిళ్ళు చూసే ముసలాయన దగ్గర పెన్ను అడిగి, సారు ఇచ్చిన కాగితాన్ని వెనక్కి తిప్పి, బల్ల మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

రెండుకు పది నిమిషాలుందనగా ఆమె జట్టు రావడం మొదలైంది. పొద్దున దిగినవాళ్ళే, ఉబ్బిన కళ్ళతో, దిండు గీతలు ఇంకా చెంపల మీద ఉన్నాయి. అటువైపు నుంచి ఓవెనాయన జట్టు రెండింటికి దిగడానికి చేతులు కడుక్కుంటోంది. గేటు ఊచల్లోంచి గలగల కనిపించింది. "అక్కా, పెట్టావా?"

"పెట్టలేదు."

"మరి ఇవాళ్టి నుంచి మా తారీఖు ఎవరు దిద్దుతారే" అంది గలగల. నవ్వబోయి ఆగిపోయింది.

సైరన్ మోగింది. తారీఖక్క గేటు దగ్గరికి నడిచింది. రంగుపెన్సిళ్ళ సారు కాపలా గది మెట్ల మీద నిలబడి ఉన్నాడు, సంతకం ఉన్న కాగితం కోసం చెయ్యి చాపి.

"సంతకం పెట్టలేదు సార్. డ్యూటీకి రావడం లేదు. నేను ఇంటికెళ్ళి పడుకుంటాను."

"సమ్మెనా?"

"సమ్మె కాదు సార్, నిద్ర. నాకు ఈ తారీఖున పడుకునే గడి మీరు గియ్యలేదు. నేనే గీసుకుంటున్నాను."

వెనక ఆమె జట్టు నలభై మందీ నిలబడిపోయారు. మేస్త్రీ ముందు ఉన్నాడు. ఆయనకు లోపలికి పోవడానికి ఒక అడుగు చాలు. ఆ అడుగు వెయ్యకుండా వెనక్కి తిరిగి, "నేనూ వెళ్ళి పడుకుంటా సార్. శుక్రవారం వచ్చాక లేపండి" అన్నాడు. ఆ పైన ఆవులింత ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పాకినట్టు వరసంతా వెనక్కి తిరిగింది.

"రిలీవర్లు రాకపోతే లోపలి జట్టు కదలకూడదు" అన్నాడు సారు గొంతు పెంచి. "ఓవెన్ ఆగడానికి వీల్లేదు."

ఓవెనాయన గేటు లోపల నిలబడి పెళ్ళాం వైపు చూశాడు. ఓవెన్‌ను మనిషి లేకుండా వదలడం ఆయనకు చేతకాదు. నిన్న రాత్రి పదింటికి దిగి, ఇవాళ పొద్దున ఆరింటికి ఎక్కిన మనిషి ఆయన. ఆయన కళ్ళూ చింతనిప్పుల్లా ఉన్నాయి. వెనక్కి వెళ్ళాడు. అందరూ సరే, ఈయన లొంగాడు అనుకున్నారు. పావుగంట తర్వాత, లోపలున్న ఆఖరి బిస్కెట్‌ను కూడా కాలనిచ్చి, బెల్టు ఖాళీగా తిప్పి, గ్యాసు కట్టేసి, గుడ్డకు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు, వెనకే గలగలతో సహా జట్టంతా. ఓవెన్ గొట్టంలోంచి ఆవిరి ఆగిపోవడం ఆ వీధి చూసి ఎన్నేళ్ళైందో. ఈలోపు తారీఖక్క రాసిన కాగితం సైకిల్ స్టాండులో చేతులు మారి వచ్చింది.

"మీరందరూ కలిసి ఏం చేస్తున్నారో తెలుస్తోందా? మీకేం కావాలి?" అన్నాడు సారు. ఆ గొంతులో ఇప్పుడు విసుగు లేదు, భయం ఉంది.

అప్పుడు అత్తగారు లేచింది. మెట్ల దాకా నడిచి, మెడ పైకెత్తి, ఆర్నెల్ల నుంచి గొంతులో మూత పెట్టి ఉంచిందంతా ఒక్కసారి వదిలింది. ఎదురు వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి.

"నాయనా, నా ఇంట్లో ఆర్నెల్లుగా ఎర్ర తువ్వాలు దిగలేదు. నా మనవరాలు నవ్వాలంటే పెరట్లోకి వెళ్ళి నవ్వి వస్తోంది. నా కొడుకు పిల్లని చీకట్లో బడికి తీసుకెళ్ళాడు. ఇంతమందికి పగలేదో రాత్రేదో తెలీకుండా చేసి, నా కోడలికి తారీఖు తెలీదంటావా? ఆ కాగితం తీసుకుని చదువు. గట్టిగా చదువు, అందరికీ వినపడాలి."

తన గొంతు తనే విని ఆవిడ కొంచెం ఉలిక్కిపడింది. ఆ తర్వాత నచ్చినట్టుంది, ఇంకోసారి "గట్టిగా" అంది.

తారీఖక్క కాగితం అందించింది. ముందువైపు అచ్చులో 'నా వ్యక్తిగత నిర్లక్ష్యం', కింద సంతకం చోటు ఖాళీ. వెనకవైపు నిద్రమత్తులో కిందికి జారిన వరసలు, వాటి కింద ఆమె పేరు, దాని కింద మేస్త్రీ, నాణ్యత చూసే అమ్మాయి, గలగల, ఓవెనాయన, అక్కడే మోకాళ్ళ మీదా సైకిల్ సీట్ల మీదా పెట్టుకుని పెట్టిన సంతకాలు. సారు చదవడం మొదలుపెట్టేసరికి ఆమె అప్పటికే మొగుడి సైకిల్ వెనక కూర్చుని, ఆయన వీపుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. పద్నాలుగేళ్ళు ఉంటాయో పోతాయో ఆ కాగితమే తేలుస్తుంది. అందులో ఇలా ఉంది:

"వెనక్కి నడిచే ఈ చార్టును ఇవాళే గోడ మీంచి పీకండి. పొద్దు నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి, గడియారం నడిచే దారిలోనే మమ్మల్ని నడిపించండి. రాత్రి డ్యూటీ దిగిన మనిషిని రెండు రాత్రులు ఇంట్లో పడుకోనిచ్చాకే మళ్ళీ పిలవండి. ఒక డ్యూటీకీ ఇంకో డ్యూటీకీ మధ్య పన్నెండు గంటలకు ఒక్క నిమిషం తగ్గినా రాము. పంపేసిన నాలుగో జట్టును వెనక్కి పిలవండి, వాళ్ళు ఊరికే కూర్చోలేదు, మా నిద్ర కాపలా కాశారు. వచ్చే నెల చార్టు ఈ నెలలోనే గోడెక్కాలి, గీసేటప్పుడు మాలో ఇద్దరు పక్కన కూర్చుంటారు. ఈ నిర్లక్ష్యం కాగితం మా కళ్ళముందు చింపండి, మెమో వెనక్కి తీసుకోండి. ఇవన్నీ రేపు కాదు, ఇవాళ. ఇవాళ పద్దెనిమిదో తారీఖు, గురువారం. మేం పడుకుని లేచాక కూడా గురువారమే ఉంటుంది. వచ్చి చూస్తాం."